గాలం కొసన ఆకుపచ్చ పుల్ల

"నువ్వు ఈడికి చేపల కోసమే వస్తాండావని ఇప్పుడు నమ్మినా," అంది మల్లీశ్వరి, బండ మీద కూర్చుని కాలికంటిన బురదను రాయికి రుద్దుతూ. "ఈ కంపులో ఇంకో ఆడది కూచోదు."

ఓబులేష్ పకపకా నవ్వాడు. "వదినా, నేను ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పినా నమ్మకపోతివి. నా మాట కంటే ఈ కంపే నయమా?"

"నువ్వు సాక్ష్యం చెప్పినందుకే అనుమానమొచ్చినాది."

తిప్పేష్ తలెత్తలేదు. గాలం కర్ర కొసను ఒడిలో పెట్టుకుని దాని మీదికి ఏదో సన్నని రబ్బరు ముక్క తొడుగుతున్నాడు. గుంతకల్లు స్టేషన్ రోడ్డులో బండ్లకు రేడియం స్టిక్కర్లు అంటించే షాపు అతనిది. పెళ్ళయి ఏడాది కాలేదు. శనివారం వచ్చిందంటే చాలు, రైల్వేలో ట్రాక్‌మన్‌గా చేసే ఓబులేష్‌ని వెంటేసుకుని ఎర్రతిప్ప రిజర్వాయరుకు మాయమవుతాడు. మొగుడు రాత్రిళ్ళు ఎక్కడికి పోతున్నాడో కళ్ళారా చూడాలని ఈసారి మల్లీశ్వరి బండెక్కి కూర్చుంది. దిగమంటే దిగలేదు.

పేరుకే రిజర్వాయరు. గార్లదిన్నె దాటి లోపలికి పోతే రెండు గుట్టల మధ్య ఒక మట్టికట్ట. కట్టను ఆనుకుని ఒక మడుగు, మడుగు ఒడ్డున రాతితిప్ప. వానల్లేక మిగిలిందంతా నెర్రెలిచ్చిన నేలే. ఆ నేలలో, ఎగువన కొంత దూరంలో, తిప్పేష్ మేనత్త పెద్దక్క కలింగర కాయలు, అంటే పుచ్చకాయలు, పండిస్తోంది. నీళ్ళు పోయిన చోట చెమ్మ ఉన్నన్నాళ్ళు సాగు చేసుకోవడం అక్కడ మామూలే. నక్కలు కాయలు కొరక్కుండా రాత్రిళ్ళు చేలోనే గుడిసెలో పడుకుంటుంది.

"అదేంది చేస్తాండావు?" మల్లీశ్వరి వంగి చూసింది.

"సైకిల్ వాల్వు ట్యూబు ముక్క."

"చేపలకు సైకిలు యాలప్పా?"

ఓబులేష్ మళ్ళీ నవ్వాడు. తిప్పేష్ మాత్రం ఓపిగ్గా చెప్పాడు. చేప కొరికిందీ లేనిదీ చెప్పేది కర్ర కొసే. కొస టకటకా అదిరితే జెల్ల. నిదానంగా వంగితే బొచ్చె. చీకట్లో ఆ కొస కనిపించకపోతే ఎర తినేసి చేప పోతుంది, మనం పొద్దున దాకా ఉత్త గాలానికి కాపలా కాస్తాం. మొదట కొసకు తెల్లరంగు వేశాడు. పున్నమికి తప్ప పనికిరాలేదు. షాపులో ఉన్న రేడియం చుట్టాడు. అది లైటు వేసినంతసేపే మెరుస్తుంది, లైటు వేస్తే పురుగులన్నీ ముక్కులో దూరతాయి. చిన్న గంటలు కట్టాడు. గాలికి అవే మోగి ఓబులేష్ నిద్ర చెడగొట్టాయి.

"అదొక్కటే నాకు జరిగిన అన్యాయం వదినా," అన్నాడు ఓబులేష్.

"నా గోళ్ళ రంగు పూసుంటే పోయేది కదా. ఎంత దూరానికైనా కొడతాది."

"అదీ చూసినా," అన్నాడు తిప్పేష్ మెల్లగా.

మల్లీశ్వరి అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ సీసా ఆరిపోయిందంటివే."

తిప్పేష్ జేబులోంచి గబగబా ఒక పొట్లం తీశాడు. అగ్గిపుల్లంత ప్లాస్టిక్ గొట్టాలు. ఒకదాన్ని మధ్యలో విరిచి ఆడించాడు. లోపలి మందులు కలిసి పుల్ల నిండా ఆకుపచ్చ వెలుగు పాకింది. దాన్ని వాల్వు ట్యూబులోకి గుచ్చి, గాలం తీగకు అడ్డం రాకుండా కొస అవతలి పక్కకు తిప్పాడు. తెల్లారేదాకా వెలుగుతుంది. పురుగులు రావు. చేప బెదరదు.

మల్లీశ్వరి దాన్ని వేలితో తాకి చూసింది. వేడి లేదు. రెండోది తనే తీసుకుని విరిచింది.

నాలుగు కర్రలూ పంగలపుల్లల మీద మడుగు వైపు వాలేసరికి పెద్దక్క చంకలో కలింగర కాయతో వచ్చింది. కాయను బండకేసి పగలగొట్టి తలా ముక్క చేతిలో పెట్టింది.

"మైకాటో వచ్చిండె సాయంత్రం," అంది. "ఈ రేతిరి పైనుంచి నీళ్ళిడుస్తారంట. గొడ్లనూ మోటర్లనూ తీసుకోమని అరుస్తా పాయ."

"నాకు మీసాలు రాకముందు నుంచి ఇడుస్తానే ఉండారులే అత్తా," అన్నాడు తిప్పేష్. "యాడ? ఒక్కతూరన్నా గుడిసె తడిసిందా?"

"అందుకే నేనూ లేవలా."

అందరూ నవ్వారు. ఆ నేల మీద వాన మబ్బునే ఎవరూ నమ్మరు. మైకును ఎవరు నమ్ముతారు?

"వస్తే మంచిదేనప్పా," అంది పెద్దక్క. "పసుపు కుంకుమ గుడిసెలోనే పెట్టుకోనుండా. నా చిన్నప్పుడు మా నాయన ఎదురుపోయి పిలుచుకొచ్చినాడు గంగమ్మను. ఊరంతా ఎనక్కి ఎనక్కి నడుచుకుంటా వచ్చిరి. వచ్చే నీళ్ళకు వీపు చూపిచ్చకూడదు. చూపిస్తే అట్నుంచి అట్లే పోతాది."

"మా గుంతకల్లులో కొళాయికైతే బిందెలే చూపిస్తాము," అంది మల్లీశ్వరి.

పెద్దక్క ఆమె నెత్తిన ఒకటి మొట్టింది. దోమలకు తాళలేక మల్లీశ్వరి కాసేపటికి లేచింది. అనుమానం తీరింది, ఇక నిద్ర తీరాలి. అత్త చెయ్యి పట్టుకుని గుడిసెకు పోయింది.

రాత్రి చిక్కబడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఓబులేష్ బండకు చేరగిలబడి గురక మొదలుపెట్టాడు. మడుగు మీద నాలుగు ఆకుపచ్చ చుక్కలు. వాటి కింద, కొంచెం ఎడంగా, నీళ్ళలో నీడలు మరో నాలుగు.

తిప్పేష్ వాటినే చూస్తున్నాడు. తన తెలివికి తనే మురిసిపోతూ ఎంతసేపు చూశాడో తెలియదు. ఉన్నట్టుండి ఒక కొస కిందికి జారినట్టు అనిపించింది.

మోకాలితో ఓబులేష్‌ని పొడిచాడు. "లెయ్‌రా. బొచ్చె."

ఓబులేష్ కళ్ళు నులుముకున్నాడు. "యాది?"

"చివరిది. నిదానంగా లాగుతాండాది."

"మొదటిది గూడా లాగుతాండాది కదరా."

తిప్పేష్ మొదటిదాన్ని చూశాడు. నిజమే. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగు చుక్కలూ అదరడం లేదు, ఊగడం లేదు. ఒక్క తీరుగా నీళ్ళకు దగ్గరవుతున్నాయి.

"నాలుగిటికీ ఒకేసారి యా చేప పడతాదిరా?" అన్నాడు ఓబులేష్. గొంతులో నిద్ర పోయింది.

తిప్పేష్ లేచి మొదటి కర్ర కొసను వేళ్ళతో తడిమాడు. వంపు లేదు. నిటారుగా ఉంది. తీగ వదులుగా ఉంది. చేప లేదు. అతను చూస్తుండగానే పై చుక్కా కింది నీడా ఒకదాన్నొకటి అంటుకున్నాయి. రెండు వెలుగులు ఒకటయ్యాయి. మరుక్షణం ఆ పుల్ల నీళ్ళ లోపల్నుంచి వెలిగింది.

కొస కిందికి రాలేదు. నీళ్ళు పైకి వచ్చాయి.

అడుగు వెనక్కి వేశాడు. ఇందాక పొడిగా ఉన్న బండ మీద కాలు చప్పుడు చేసింది. చీలమండ దాకా నీళ్ళు.

"వాన ల్యాకుండా నీళ్ళేందిరా?" అన్నాడు ఓబులేష్.

తిప్పేష్ తల అటువైపు తిరిగిపోయింది, ఎగువకి. నీళ్ళు పైనుంచి వస్తే ముందు వంకలోంచి, ఆ ఎండిన వాగులోంచి వస్తాయి. వంక దాటి చేలోకి. చేను దాటి మడుగులోకి. మడుగు ఇంత నిండిందంటే అవి గుడిసెను ఎప్పుడో దాటేశాయి.

ఫోను తీసి మల్లీశ్వరికి కొట్టాడు. రింగైంది. అతని కాళ్ళ దగ్గరే, ఆమె మరిచిపోయిన చేతిసంచిలో రింగైంది.

తిప్పేష్ చేతికందిన కర్రను పీక్కున్నాడు. ఓబులేష్ అతని భుజం పట్టుకున్నాడు. "నీకు ఈత రాదురా."

"నీకొచ్చునా?"

ఓబులేష్ చెయ్యి జారిపోయింది. వాళ్ళ ఊళ్ళలో ఈత నేర్చుకోవడానికి నీళ్ళెక్కడున్నాయి? బావులన్నీ వాళ్ళు పుట్టకముందే ఎండాయి. మడుగులోనూ చీలమండ మించి ఏనాడూ దిగలేదు. ఓబులేష్ మిగిలిన మూడు కర్రల పుల్లలూ లాగి, తిప్పేష్ కర్ర కొసకే గుత్తిగా గుచ్చాడు. "నువ్వు యాడుండావో కనపడాల. నేను కట్ట మీదికి పోయి గేటుకాడ మనుషుల్ని లేపుకొస్తా."

తిప్పేష్ అప్పటికే నీళ్ళలో ఉన్నాడు.

ఫోను లైటు పట్టుకుని పరుగెత్తాడు. మోకాలు దాకా, మళ్ళీ చీలమండ దాకా, మళ్ళీ మోకాలు దాకా. నీళ్ళు చల్లగా లేవు, ఎండకు కాగిన నేల వేడి వాటిలో ఇంకా ఉంది. ఎండుకంప, కలింగర తీగలు, ఒక ప్లాస్టిక్ చెంబు ఎదురు వస్తున్నాయి. తీగ కాలికి చుట్టుకుంది. బోర్లా పడ్డాడు. లేచేసరికి ఫోను లేదు. మిగిలింది కర్ర, దాని కొసన ఆకుపచ్చ గుత్తి. కర్ర మొదలును ముందు నేలకు పొడిచి, నేల తగిలాక అడుగు వేయడం మొదలుపెట్టాడు.

ముందునుంచి హోరు. వంక రాతి అంచు మీంచి నీళ్ళు చేలోకి దూకుతున్న చప్పుడు. తన పిలుపు తన చెవులకే వినపడడం లేదు.

ఆలస్యంగా పొడిచిన చంద్రుడు గుట్ట మీదికి వచ్చాడు. నీళ్ళ మీద నీరసమైన వెలుగు పరుచుకుంది. దూరంగా గుడిసె కప్పు పక్కకు ఒరిగి కనిపించింది. దానికి ఇవతల, నీళ్ళలో కదులుతూ రెండు ఆకారాలు. బతికే ఉన్నారు.

కానీ ఆ నడక ఏదో తేడాగా ఉంది. ఒకరు ఇటు ముఖం పెట్టి వస్తున్నారు. తెల్ల చున్నీ, మల్లీశ్వరే. రెండో మనిషి వీపు ఇటువైపు ఉంది. రెండు చేతులూ జోడించి, ఎగువకి చూస్తూ, వెనక్కి అడుగులేస్తోంది. మల్లీశ్వరి ఆమె నడుము పట్టి లాక్కొస్తోంది.

వచ్చే నీళ్ళకు వీపు చూపకూడదు. తొడల దాకా మునిగినా పెద్దక్క చూపడం లేదు.

తిప్పేష్ కర్ర పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. మల్లీశ్వరి తల లేచింది. చూసింది. ఆమె అడుగులు జోరందుకున్నాయి. అతనూ ముందుకు ఉరికాడు. కర్ర పొడిచాడు.

నేల తగల్లేదు.

కర్ర జారిపోతూనే ఉంది. అతని రెండింతల కర్ర, మొదలు మునిగి, నడుమ మునిగి, ఆకుపచ్చ గుత్తి అతని ముక్కు ముందుకు వచ్చింది. ముందుకు తూలిన ఒంటిని ఎలా ఆపుకున్నాడో అతనికే తెలియదు. అరికాలి కింద చెక్కిన రాతి అంచు. ఆ అంచుకు అవతల ఏమీ లేదు.

పెద్దబావి. కట్ట కట్టకముందు రైతులు మోట తోలిన దిగుడుబావి. గోడ లేదు, పూడ్చలేదు. పశువులు పడకుండా చుట్టూ కంప కొట్టి ఉంచుతారు. ఇందాక అతనికి ఎదురొచ్చిన ఎండుకంప అదే.

పైన నీళ్ళు పలకలా సమంగా ఉన్నాయి. బావి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. దానికి ఇవతల తను. అవతల మల్లీశ్వరి. ఈ నేలకు మొదటిసారి వచ్చిన మనిషి, అక్కడొక బావి ఉందని తెలియని మనిషి. తెలిసిన పెద్దక్కకు కళ్ళు అటువైపున్నాయి.

"రావద్దు, ఆడే నిలబడు," అని గొంతు చిరిగేలా అరిచాడు. హోరు దాన్ని మింగేసింది. ఏదో అరుస్తున్నాడని మాత్రం ఆమెకు తెలిసినట్టుంది. తొందరపెడుతున్నాడనుకుని ఇంకా వేగంగా లాగింది పెద్దక్కను.

అప్పుడు అతనికి అసలు సంగతి అర్థమైంది. ఆమె అతని దగ్గరికి రావడం లేదు. వెలుగు దగ్గరికి వస్తోంది. ఆ చీకటి నీళ్ళ మీద కనిపించేది అదొక్కటే. ఎంత దూరానికైనా కనపడాలని అతను వారాల తరబడి సాధించిన ఆ కొస, బావికి సరిగ్గా ఇవతల నిలబడి పెళ్ళాన్ని బావిలోకి పిలుస్తోంది.

వెలుగు దాచేస్తే? దారి తెలియక ఎటో పోతుంది. విసిరేస్తే? దానివెంటే పోతుంది. ఆ పుల్లల్ని ఊదినా ఆరవు.

తిప్పేష్ అరవడం ఆపాడు. కర్రను నెత్తి మీదికెత్తి కుడివైపుకి జరగసాగాడు. కాలివేళ్ళతో రాతి అంచును తడుముతూ, ఒక్కో రాయే, పీతలా. ముఖం ఆమె వైపే. పుల్లల గుత్తి నీళ్ళ మీద పక్కకు కదిలింది.

మల్లీశ్వరి తిన్నగానే వస్తోంది.

మరికొంచెం జరిగాడు. ఒక రాయి కాలికింద ఊగింది. కర్ర దించలేదు.

ఆమె ఆగింది. వెలుగు వంక చూస్తూ నిలబడిపోయింది. వస్తున్నవాడు పక్కకు ఎందుకు పోతున్నాడు? నీళ్ళు ఆమె నడుము దాటాయి. వెనక నుంచి పెద్దక్క ఒరుగుతోంది, ఇంకో అడుగు వెనక్కి వేయబోతోంది. ఆ అడుగు ఎక్కడ పడుతుందో తిప్పేష్ ఒక్కడికే తెలుసు.

మల్లీశ్వరి పక్కకు తిరిగింది. పెద్దక్కను దాదాపు ఈడుస్తూ వెలుగు కదిలిన దిక్కుకు నడిచింది. అతను ఇంకా జరిగాడు. ఆమె ఇంకా తిరిగింది. బావికి అటు ఒకరూ ఇటు ఒకరూ, ఒకే కొసను చూస్తూ, దాని చుట్టూ వచ్చారు. చివరికి అతను కర్రను తిప్పి మొదలు వైపు చాపాడు. ఆమె వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. లాగాడు. కర్రతో పాటే ఆమె చెయ్యి చేతికందింది.

"ఏమైనాది నీకు? నిలబడిన చోట నిలబడవా?" అని ఆమె అతని చెవిలో అరిచింది.

అతను కర్రను తలకిందులు చేసి పుల్లల గుత్తిని నీళ్ళలోకి, పక్కనే, నిలువునా దించాడు. ఆకుపచ్చ వెలుగు కిందికి పోయింది. ఇంకా పోయింది. చెక్కిన రాళ్ళ గోడ, దానిలోంచి పొడుచుకొచ్చిన మెట్లు, వాటి కింద నలుపు.

మల్లీశ్వరి తను ఇందాక నిలబడిన చోటుకీ ఆ గోడకీ మధ్య ఉన్న దూరాన్ని చూసింది. అతని చొక్కాను రెండు పిడికిళ్ళతో పట్టుకుంది.

"ఏముండాదిరా ఆడ?" పెద్దక్క అడిగింది, తల తిప్పకుండానే.

"పెద్దబావి అత్తా."

జోడించిన ఆమె చేతులు విడిపోయాయి. ఆ బావిలో నీళ్ళు తోడి పెరిగిన మనిషి. "ఇంత దగ్గరకొచ్చినామా?" అంది, అంతే.

"తిరుగు అత్తా. బిరీన పోదాం."

"తిరగను."

"నీళ్ళు గొంతుకొస్తాండాయి."

"నన్నిడిచి మీరు పోండప్పా. ఇన్నేండ్లకు వచ్చినాది. నేను వీపు చూపిస్తే ఎట్ల?"

తిప్పేష్‌కి కోపం నషాళానికి ఎక్కింది. ఎత్తి భుజాన వేసుకుందామని వంగాడు. మల్లీశ్వరి అతని చొక్కా లాగి అడ్డుకుంది. "చెప్పి చెప్పి నా గొంతు పోయినాది. ఇనదు. పెనుగులాడితే ముగ్గురం పోతాము. అట్లనే తీసకపోదాం పట్టు."

అతను ఎడమ రెక్క పట్టుకున్నాడు. ఆమె కుడి రెక్క పట్టుకుంది. వాళ్ళిద్దరూ కట్ట వైపు చూస్తూ ముందుకు నడిచారు. మధ్యలో పెద్దక్క ఎగువకి చూస్తూ వెనక్కి నడిచింది. తిప్పేష్ ప్రతి అడుగుకూ కర్ర పొడిచాడు. నేల తగిలిందని చెబితే తప్ప మల్లీశ్వరి కాలెత్తలేదు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చి, నేల కట్ట వైపు లేచేసరికి మెల్లగా నడుముకు దిగాయి. కట్ట మీద ఓబులేష్ టార్చిలైటు, మరో ఇద్దరి కేకలు వినిపించాయి. ఎవరో తాడు విసిరారు.

కట్టెక్కాక ఓబులేష్ ముగ్గురినీ మార్చి మార్చి తడిమి చూశాడు. జోకు వేయబోయి నోరు మూసుకున్నాడు. పెద్దక్క తడి కొంగుతోనే కట్టంచున కూర్చుంది. కొంగుముడి విప్పి, ముద్దయిపోయిన పసుపును నీళ్ళలోకి జారవిడిచింది. చేను లేదు, గుడిసె లేదు, తిప్ప కూడా లేదు. ఆమె ఏడుస్తోందో మొక్కుతోందో తెలియలేదు.

తిప్పేష్ అప్పుడు మట్టిలో కూలబడ్డాడు. మల్లీశ్వరి అతని పక్కన కూర్చుంది. మళ్ళీ చొక్కా పట్టుకుంది.

"నువ్వు పక్కకు పోతాంటే," అంది, "నన్నిడిచిపెట్టి పోతాండావనుకున్నా."

అతను ఆమె వైపు తిరిగాడు. "మరి నా ఎనకాలే ఎందుకొచ్చినావు?"

"యాడికి పోతావో చూద్దామని."

ఆమె తన తల అతని భుజానికి ఆనించింది. వాళ్ళ కాళ్ళ కింద, చీకట్లో, నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి.